స్నానాల గది తూము ఏల పూడును?

ఆదివారమునాడు ఇంటిల్లిపాదియు తలంటు పోసికొనిన పిమ్మట స్నానాల గదిలో చీలమండ లోతున నీరు నిలుచుట అనేక గృహములలో అనుభవమే. మొదట దానిని ఎవ్వరును పట్టించుకొనరు. రెండు నిమిషములలో పోవలసిన నీరు పది నిమిషములకు పోయినది, అంతే కదా అనుకొందురు. కొన్నాళ్ళకు బూడిదరంగు నురుగు తేలిన నీరు గడప దాటి నడవలోనికి వచ్చును. అప్పుడు ఇంటిలో ఎవరో ఒకరు అంగడికి పోయి యాసిడ్ సీసా ఒకటి తెచ్చి తూములో కుమ్మరింతురు. ఈ వ్యాసమున చెప్పవలసిన విషయములలో ముఖ్యమైనది ఆ సీసాను గురించియే. కాని దానికి ముందు తూములో ఏమి ఉన్నదో, అది అక్కడికి ఎట్లు చేరినదో తెలియవలెను.

స్నానాల గది నేల తూమువైపునకు కొంచెము వాలుగా ఉండును. తూముపై చిల్లుల జాలీ, దాని క్రింద మేస్త్రీలు నహానీ ట్రాపు అని పిలుచు గిన్నె వంటి అమరిక, అక్కడినుండి గోడ వెలుపలికి పోవు గొట్టము, ఆపైన చాంబరు అనబడు ఇటుకల తొట్టి, చివరకు వీధి మురుగు కాలువయో సెప్టిక్ టాంకో ఉండును. వీనిలో అన్నిటికంటె తెలిసికొనదగినది ట్రాపు. దానిలో ఎల్లప్పుడును కొంత నీరు నిలిచియుండును. ఆ నీరే మూత. పైనుండి పోసిన నీటిని అది పోనిచ్చును, క్రిందినుండి వచ్చు వాయువును మాత్రము రానీయదు. ఈ నీటి లోతు సాధారణముగా 50 మి.మీ. ఉండవలెనని నియమము. అంత నీరు కలుగజేయు పీడనము చదరపు సెంటీమీటరునకు 5 గ్రాముల బరువు మాత్రమే. చూచుటకు అల్పమైనను మురుగు గొట్టములోని దుర్గంధమును ఆపుటకు అది చాలును. లండన్ నగరమున గడియారములు చేయుచుండిన అలెగ్జాండర్ కమింగ్ 1775 లో మరుగుదొడ్డికై ‘ఎస్’ అక్షరము వలె వంపు తిరిగిన గొట్టమునకు పేటెంటు పొందెను. గొట్టమును వంచి అందు నీటిని నిలువ జేయుట అను ఆ చిన్న ఉపాయమే నేటికిని ఇంటింట పనిచేయుచున్నది.

అయితే నీటిని నిలుపు వంపు నీటితో వచ్చిన వానినిగూడ నిలుపును. ప్రవాహము అక్కడ మందగించుటచే బరువైనది అడుగున దిగును, పొడవైనది అంచునకు తగుల్కొనును. అందు మొదటిది వెంట్రుక.

ఆరోగ్యవంతుని తలనుండి దినమునకు 50 మొదలు 100 వెంట్రుకల వరకు రాలుట సహజము. నలుగురున్న ఇంటిలో దినమునకు 200 నుండి 400 అన్నమాట. ఇవన్నియు తూములో పడవు కాని, తలంటునాడు వేళ్ళతో కుదుళ్ళను రుద్దుటచే అదివరకే ఊడి జుట్టులో చిక్కుకొనియున్నవన్నియు ఒక్కసారిగా దిగును. వెంట్రుకను సూక్ష్మదర్శినిలో చూచినచో దాని పైపొర పెంకుటింటి కప్పు వలె ఒకదానిపై ఒకటి పేర్చిన పొలుసులతో కనబడును. పొలుసుల కొసలు వెంట్రుక చివరివైపునకు తిరిగియుండును. తడిసినపుడు ఈ పొలుసులు కొంత పైకి లేచును. రెండు వెంట్రుకలు ఎదురెదురుగా ఒరిసికొన్నపుడు ఒకదాని పొలుసులు మరియొకదానిని పట్టుకొనును. అందుచే తడి వెంట్రుకలు కదలినకొలది చిక్కు బిగియునేగాని వదలదు. పూర్వము స్త్రీలు దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను చుట్ట చుట్టి సవరము కొరకు దాచెడివారు. చిక్కు వెంట్రుకలు తీసికొని స్టీలు సామానులు ఇచ్చువారు నేటికిని వీధులలోనికి వచ్చుచుందురు. వెంట్రుకలను అట్లు దాచు ఇల్లాండ్రు తెలియకయే తమ ఇంటి తూమునకు గొప్ప ఉపకారము చేయుచున్నారు.

వెంట్రుకల చుట్ట ఒక్కటియే ఉన్నచో నీరు దానిగుండా పోగలదు. దానిని గోడగా మార్చునది సబ్బు తెట్టె. స్నానపు సబ్బు ప్రధానముగా క్రొవ్వు ఆమ్లముల సోడియం లవణము. సోడియం లవణము నీటిలో కరగును. బోరుబావుల నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణములు అధికముగా నుండుటచే వానిని కఠిన జలములందురు. అట్టి నీటిలో సబ్బులోని సోడియం స్థానమును కాల్షియం ఆక్రమించును. అప్పుడు ఏర్పడు కాల్షియం సబ్బు నీటిలో కరగదు, నురుగు నీయదు, తెల్లని ముద్దగా విడిపోవును. బకెట్టు లోపలి అంచున, నేల రాళ్ళపై, కుళాయి మొదట పేరుకొను జిడ్డు పొర ఇదియే.

ఎంత తెట్టె ఏర్పడునో లెక్క వేయుట కష్టము కాదు. పదవ తరగతి విద్యార్థి చేయదగిన లెక్క అది. త్రాగునీటి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములకు మించకుండుట మంచిదనియు, వేరు నీరు దొరకనిచోట 600 వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణముల సంస్థ నియమము. నడుమనున్న 300 ను తీసికొందము. కాఠిన్యమును కాల్షియం కార్బొనేటుగా లెక్కింతురు. దాని అణుభారము 100. కనుక లీటరు నీటిలో 3 మిల్లీమోలుల కాల్షియం ఉండును. ఒక్కొక్క కాల్షియం అయాను రెండేసి సబ్బు అణువులను పట్టును. సోడియం స్టియరేటు అణుభారము 306. అనగా లీటరు నీరు 1.8 గ్రాముల సబ్బును నిరర్థకము చేయగలదు. ఇరువది లీటర్ల స్నానపు నీరు 36 గ్రాములను హరించగలదు. ఒక స్నానమునకు ఎవ్వరును అంత సబ్బు అరగదీయరు. కావున ఒంటిమీద నురుగైన సబ్బు కూడ కడుగు నీటితో కలిసి తూములో దిగునప్పటికి చాలవరకు తెట్టెగా మారిపోవుచున్నది. వెంట్రుకలు ఇనుప చువ్వలు, తెట్టె సిమెంటు అనుకొన్నచో, అక్కడ తయారగునది కాంక్రీటు.

తలకు పెట్టిన నూనెయు ఈ పనిలో పాలుపంచుకొనును. కొబ్బరినూనె ఇంచుమించు 24 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గడ్డకట్టును. శీతకాలపు ఉదయములలో సీసాలో గడ్డకట్టిన నూనె గొట్టములో మాత్రము కట్టకుండునా? నలుగుపిండి సంగతి వేరు. అది చల్లని నీటిలో రేణువులుగా కొట్టుకొనిపోవును. దానిమీద మిక్కిలి వేడినీరు పోసినచో అందలి పిండి పదార్థము ఉడికి జిగురగును. కనుక నలుగు పెట్టుకొన్ననాడు తూమును మొదట చన్నీటితో కడిగి, ఆ తరువాతనే వేడినీటి మాట తలపెట్టవలెను. కుంకుడుకాయలో నురుగునిచ్చు సాపోనిన్ సబ్బు వంటి లవణము కాదు. అది కాల్షియంతో తెట్టె కట్టదు. ఉప్పునీటి ఊళ్ళలో కూడ కుంకుడు రసము చక్కగా నురుగునిచ్చుటకు కారణమిదియే. కాని వడకట్టని రసములోని పిప్పి, పెంకు తెట్టెకు ఏ మాత్రమును తీసిపోవు. రసమును గుడ్డతో వడకట్టి పిప్పిని మొక్కల పాదులో వేయుట పాత పద్ధతి. దానిని మార్చుకొనుటకు కారణమేమియు లేదు.

ఇక తూమును తీయు పని. ఆరంభించుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను. నీరు నిలుచుట ఈ తూము ఒక్కటియందేనా, వంటింటి తూము, చేతులు కడుగు బేసిను, మరుగుదొడ్డి కూడ మందగించినవా? అన్నియు మందగించినచో అడ్డు ట్రాపులో లేదు. అది వెలుపలి గొట్టములోనో చాంబరులోనో ఉన్నది. అప్పుడు ఈ గదిలో ఎంత శ్రమించినను వ్యర్థము. ఈ తూము ఒక్కటియే అయినచో నూటికి తొంబది పాళ్ళు అడ్డు చేయి చాచినంత దూరములోనే ఉండును.

జాలీని మరచీలలు ఊడదీసి ఎత్తవలెను. పలు రకముల ట్రాపులలో జాలీ క్రింద బోర్లించిన గిన్నె ఒకటి ఉండును. దానిని కూడ తీయవచ్చును. చేతికి రబ్బరు తొడుగు తప్పనిసరి. కొసను చిన్న కొక్కెముగా వంచిన గట్టి తీగను అడుగువరకు దింపి, త్రిప్పి, మెల్లగా పైకి లాగినచో వెంట్రుకల చుట్ట తెట్టెతో సహా ఎలుక తోక వలె సాగుచు వచ్చును. చూచుటకు జుగుప్స కలుగవచ్చును గాని, తూము పని ముప్పాతిక వంతు అక్కడితో ముగిసినట్లే. దానిని లోనికి నెట్టుటకు ప్రయత్నింపరాదు. నెట్టినది వెలుపలి గొట్టము వంపులో చిక్కుకొనును, అక్కడికి తీగ అందదు. లాగిన చుట్టను కాగితములో చుట్టి చెత్తబుట్టలో వేయవలెను. మరుగుదొడ్డిలో వేసి నీరు వదలుట అడ్డును ఒక గొట్టమునుండి మరియొక గొట్టమునకు బదిలీ చేయుట మాత్రమే. గిన్నెకును ట్రాపు గోడలకును అంటిన తెట్టెను పాత పండ్ల బ్రష్షుతో గీకివేయవలెను.

గిన్నెను కడిగి మరల యథాస్థానమున పెట్టుట అనేకులు మరచు పని. నీరు వేగముగా పోవుచున్నదని కొందరు దానిని బుద్ధిపూర్వకముగనే తీసి మూల పడవేయుదురు. గిన్నె లేనిచో ఆ ట్రాపునకు నీటి మూత లేదు. నీరు సుఖముగా పోవును. బొద్దింకలును దుర్గంధమును అంతే సుఖముగా వచ్చును.

చుట్ట తీసినను నీరు మందముగా పోవుచున్నచో రబ్బరు గిన్నె అమర్చిన కఱ్ఱను వాడవలెను. ఇందలి సూత్రము పాస్కల్ నియమము. నేలపై 5 సెం.మీ. నీరు నిలిచినచో అది అడ్డును 5 సెం.మీ. నీటి పీడనముతో మాత్రమే త్రోయును. రబ్బరు గిన్నె అడ్డుకొలత 12 సెం.మీ. అనుకొందము. దాని వైశాల్యము 113 చదరపు సెంటీమీటర్లు. దానిపై 10 కిలోగ్రాముల బరువుతో అదిమినచో చదరపు సెంటీమీటరునకు 88 గ్రాములు, అనగా 88 సెం.మీ. నీటి స్తంభమునకు సమానమైన పీడనము కలుగును. నిలిచిన నీరు చేయుదానికి ఇది ఇంచుమించు 17 రెట్లు. కాని గిన్నె క్రింద గాలి ఉన్నచో అది కుంచించుకొని మన బలమును తానే మ్రింగివేయును. నీరు అట్లు కుంచించుకొనదు. కనుక గిన్నె అంచు మునుగునట్లు నీరు నిలిపి, అదే ట్రాపునకు కలియు బేసిను గొట్టమునో ఇంకొక రంధ్రమునో తడి గుడ్డతో గట్టిగా మూసి, అప్పుడు పదిపదునైదు మారులు అదిమి లాగవలెను. లాగుట అదుముటకంటె ముఖ్యము. అటు ఇటు కదలుటచే అడ్డు వదులై ఇవతలికి వచ్చును. తూములో అదివరకే ఏదైన మందు పోసియున్నచో మాత్రము రబ్బరు గిన్నె జోలికి పోరాదు. ఆ ద్రవము చిమ్మి నేరుగా కండ్లలో పడును.

జిడ్డు మిగిలినచో వేడినీరు ఉపకరించును. నూనెను కరగించునేగాని కాల్షియం సబ్బును వేడినీరు కరగింపజాలదు. దానిని గీకవలసినదే. నీరు మరుగుచున్నదిగా ఉండరాదు. నేటి గొట్టములు చాలవరకు పి.వి.సి. వి. ఈ పదార్థము 80 డిగ్రీల సమీపమున మెత్తబడును, అతుకులు వదులగును. మరిగిన నీటికి సమానముగా చల్లనీరు కలిపినచో 65 డిగ్రీల ప్రాంతమున ఉండును. అది చాలును.

వంటసోడా, వెనిగర్ కలిపి పోయుట ఇటీవల విశేష ప్రచారము పొందినది. రెండును కలియగానే బుసబుస పొంగును. ఆ పొంగు బొగ్గుపులుసు వాయువు. అది తెరచియున్న వైపునకే, అనగా పైకే, పోవును. మిగిలినది సోడియం ఎసిటేటు కలిసిన నీరు. క్షారమును ఆమ్లమును ఒకదానినొకటి చంపుకొనగా మిగిలిన ఈ నీటికి వెంట్రుకలను కరగించు శక్తి లేదు. హాని లేదు, వాసన కొంత తగ్గును. అంతకంటె దానినుండి ఆశింపరాదు.

కాస్టిక్ సోడా అట్లు కాదు. అది నిజముగనే పనిచేయును. వెంట్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో నిర్మితమైనది. ఆ అణువుల గొలుసులను గంధకపు బంధములు ఒకదానితో ఒకటి కట్టియుంచును. తీవ్రమైన క్షారము ఈ బంధములను, గొలుసులనుగూడ త్రెంచును, నూనెను సబ్బుగా మార్చును. అయితే మనుష్యుని చర్మమును, కంటిపాపను కూడ అదే విధముగా జీర్ణించుకొనును. చర్మముపై పడినపుడు మొదట జారుడుగా తోచును. ఆ జారుడు చర్మములోని క్రొవ్వు సబ్బగుచున్న గుర్తు. మరియు నీటిలో కరగునపుడు అధికమైన వేడిమి పుట్టును. 100 గ్రాముల కాస్టిక్ సోడాను అర లీటరు నీటిలో వేసినచో ఉష్ణోగ్రత ఇంచుమించు 50 డిగ్రీలు పెరుగును. ట్రాపులోని కొద్దిపాటి నీటిపై పొడిని కుమ్మరించినచో అక్కడక్కడ నీరు మరిగి పైకి చిమ్మును. అంగళ్ళలో దొరకు కొన్ని పొడులలో అల్యూమినియం తునకలు కూడ కలిపియుండును. క్షారముతో కలిసి అవి ఉదజని వాయువును విడుదల చేయును. ఆ వాయువు మండును. కావున అట్టి పొడి వాడునపుడు గదిలో నిప్పు, సిగరెట్టు ఉండరాదు.

యాసిడ్ సీసాలో సాధారణముగా ఉండునది హైడ్రోక్లోరిక్ ఆమ్లము. అది వెంట్రుకను కరగింపలేదు. కాల్షియం సబ్బును విడగొట్టును గాని దానినుండి వచ్చు క్రొవ్వు ఆమ్లము మైనము వంటిది, అదియు నీటిలో కరగదు. అనగా తూము అడ్డుకు ఈ ఆమ్లము చాలవరకు పనికిరాని మందు. నేలలోని సిమెంటు అతుకులను, చలువరాతిని, కుళాయిల మెరుగును తినివేయుటకు మాత్రము చక్కగా పనికివచ్చును. ఇంతటితో ఆగినచో నష్టము ధనమునకే. యాసిడ్‌తో పని కాలేదని దానిపైననే బ్లీచింగు పౌడరునో, బట్టల మరకలు పోగొట్టు బ్లీచి ద్రవమునో పోయువారు కలరు. అప్పుడు ఆ రెంటినుండియు క్లోరిన్ వాయువు పుట్టును. 1915 ఏప్రిల్ 22 న బెల్జియములోని ఈప్ర్ వద్ద జర్మను సైన్యము శత్రువులపైకి వదలిన వాయువు ఇదియే. ఇది గాలికంటె రెండున్నర రెట్లు బరువైనది. కనుక చిన్న గదిలో నేలనంటి నిలుచును. తూము కడుగుటకు గొంతుకు కూర్చొన్న మనుష్యుని ముక్కు ఉండునది సరిగా అక్కడనే. మరుగుదొడ్డి కడుగు ద్రవములలో కూడ ఈ ఆమ్లమే తరచుగా ఉండును. ఆ సంగతి సీసాపై చీటీ చదివినవారికేగాని తెలియదు. ఘాటు వాసన తగిలిన వెంటనే పని వదలి, తలుపు తెరచి బయటికి పోవలెను. ఆమ్లము కాస్టిక్ సోడాపై పోసినచో విష వాయువు రాకపోయినను, తీవ్రమైన వేడిమిచే ద్రవము పేలినట్లు చిమ్మును. ఒక తూములో ఒక మందు, అదియు పని చేయనిచో మరి ఏ మందును కాదు. ఈ రెంటిలో ఏది ఒంటిమీద గాని కంటిలో గాని పడినను, విరుగుడని నిమ్మరసమో వెనిగరో పోయరాదు. పారుచున్న మంచినీటితో కనీసము 20 నిమిషములు కడిగి వైద్యుని వద్దకు పోవలెను.

మందు పోసిన పిమ్మట ప్లంబరును పిలుచుట సాధారణము. ఏమి పోసినదియు అతనికి చెప్పుట మాత్రము అసాధారణము. ఇంటివారు సిగ్గుచేతనో మరపుచేతనో ఊరకుందురు. అతడు వట్టి చేతిని తూములో పెట్టును. ఏమి పోసిరో, ఎప్పుడు పోసిరో అతడు అడుగక ముందే చెప్పుట ఇంటివారి విధి. అడ్డు వెలుపలి చాంబరులో ఉన్నచో పొడవైన వెదురు బద్దతోనో స్ప్రింగు తీగతోనో పైనుండియే తీయవలెను. సెప్టిక్ టాంకులోనికిని మురుగు కాలువలోనికిని రక్షణ సాధనములు లేక మనుష్యుని దింపుట 2013 నాటి చట్టముచే నిషిద్ధము. లోపల నిలిచియుండు హైడ్రోజన్ సల్ఫైడు వాయువు అధికమైనపుడు వాసన కూడ తెలియనీయక మనుష్యుని పడగొట్టును.

తూమును పరిశుభ్రముగా నుంచుకొనుటకు పెద్ద ప్రయాస అక్కరలేదు. జాలీపై సన్నని రంధ్రముల పళ్ళెము ఒకటి పరచి, స్నానమైన వెంటనే దానిపై వెంట్రుకలను వ్రేళ్ళతో తీయుట, తలంటుకు ముందు జుట్టును పొడిగా దువ్వుట, నెలకొకసారి గిన్నె తీసి బ్రష్షుతో రుద్దుట చాలును. వీనిలో మొదటిది ఒక్కటి చేసినను మిగిలిన వ్యాసముతో పని ఉండదు.

పూడుటకు ఎదురైన దోషము ఒకటి కలదు. అది ఎండుట. వాడని గదిలోని తూమునకు అడ్డేమియు ఉండదు గాని వేసవిలో కొన్ని వారములకు ట్రాపులోని నీరు ఆవిరియై మూత పోవును. ఇది వాసనతో పోవు విషయము కాదు. 2003 లో హాంకాంగ్ నగరమున అమోయ్ గార్డెన్స్ అను బహుళ అంతస్తుల నివాసములలో సార్స్ వ్యాధి 300 మందికి మించి సోకెను. ఒక రోగి కొద్దికాలము అక్కడ ఉండిపోయినందున ఇన్ని కుటుంబములకు వ్యాధి ఎట్లు ప్రాకినదని అధికారులు పరిశోధింపగా, స్నానాల గదుల నేల తూములపై అనుమానము నిలిచెను. అక్కడివారు నేలను నీరు పోసి కడుగక తడిగుడ్డతో తుడుచుచుండిరి. ట్రాపులు ఎండిపోయెను. గాలిని బయటికి తోలు విద్యుత్ పంఖా త్రిప్పినపుడు గదిలో పీడనము తగ్గి, మురుగు గొట్టములోని తుంపురులు ఎండిన తూముగుండా లోనికి వచ్చియుండునని వారు నిర్ణయించిరి. ఊరికి పోవునపుడు ప్రతి తూములోను చెంబెడు నీరు పోసి, దానిపై చెంచాడు వంటనూనె వేసినచో నూనె పొర ఆవిరిని చాలవరకు ఆపును. తిరిగివచ్చిన దినమున మొదట చేయవలసిన పనియు చెంబెడు నీరు పోయుటయే.

ఈ విషయములను తరగతిలో చూపుటకు రెండు ప్రయోగములు చాలును. మూడు సీసాలలో వాననీరు, బోరునీరు, చిటికెడు ఎప్సం లవణము కలిపిన వాననీరు సమముగా తీసికొని ఒక్కొక్క దానిలో గోరంత సబ్బు చెక్కు వేసి కుదుపవలెను. మొదటిదానిలో నురుగు నిలుచును, మిగిలిన రెంటిలో తెట్టె తేలును. వానిలో మరికొంత, మరికొంత సబ్బు వేయుచు, నిలకడగా నురుగు వచ్చునప్పటికి ఎంత పట్టినదో వ్రాసికొన్నచో ఆ ఊరి నీటి కాఠిన్యము స్థూలముగా తెలియును. రెండవదానికి మూరెడు పారదర్శకపు గొట్టమును ‘యు’ ఆకారమున వంచి 5 సెం.మీ. లోతున రంగునీరు పోయవలెను. ఒక కొస వద్ద వెలిగించిన అగరువత్తిని పట్టుకొన్నను పొగ రెండవ కొసకు రాదు. నీటిని తీసివేసి మెల్లగా పీల్చు రబ్బరు బుడ్డిని రెండవ కొసకు అమర్చి వదలినచో పొగ గొట్టమంతయు నిండును. మరల నీరు పోసి, అదే బుడ్డిని క్రమముగా గట్టిగా నొక్కి వదలుచు, నీరు రెండు కొమ్మలలో ఎంత భేదమునకు వచ్చినపుడు బుడగ దాటునో విద్యార్థులచే స్కేలుతో కొలిపింపవచ్చును.